వంగిన పొగగొట్టం

అబిడ్స్ నుంచి నాంపల్లి రైలు స్టేషనుకు పోయేటప్పుడు పెద్ద రోడ్డు వదలి సందులలోకి తిరిగితే, ఎక్కడో ఒకచోట సుత్తి చప్పుడు వినబడుతుంది. ఒక రేకుల కప్పు, గోడకు వరుసగా తగిలించిన పానాలు, నూనె ఇంకి నల్లబడిన నేల, మూలన నిలబెట్టిన రెండు గ్యాసు సిలిండర్లు, ఇంతే ఆ కర్మాగారం. పాత మోటారు బండ్లకు ఇక్కడ వైద్యం జరుగుతుంది. ఏదైనా పాత భాగం కావలసివస్తే ఉస్తాద్ తన కుర్రవానిని దగ్గరలో ఉన్న గోషామహల్‌కు పంపుతాడు. పాత బండ్లను విప్పి భాగాలను విడివిడిగా అమ్మటానికి ఆ పేట పేరుపొందినది.

గడచిన వానాకాలంలో నేనూ అటువంటి షెడ్డు ఒకదానికి పోవలసివచ్చింది. మా తండ్రిగారి నాటి బుల్లెట్ మోటారు సైకిలు మా ఇంట ఇంకా నడుస్తున్నది. ఒకనాడు వాననీరు నిలిచిన రోడ్డుమీద, నీటి అడుగున ఉన్న రాయి కనబడక, బండి దానికి తగిలింది. ఇంజను నుంచి సైలెన్సరుకు పోయే గొట్టం ఒకచోట నొక్కుకుపోయి వంకర తిరిగింది. మెకానిక్కులు దీనిని బెండు పైపు అంటారు. బండి నడిచింది కాని, లాగే శక్తి తగ్గింది. ఆక్సిలేటరు వదలినప్పుడల్లా టప్ టప్‌మని పేలుడు చప్పుడు రాసాగింది.

ఆ రోజున షెడ్డులో మరొక రోగి కూడా ఉన్నది. అది పాత అంబాసిడర్ కారు. దాని ఇంజను ప్రక్కన నాలుగు సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే మానిఫోల్డు అనే భాగం వంకర తిరిగి, అతుకు దగ్గర పొగ వదులుతున్నది. ఉస్తాద్ నా గొట్టాన్ని ఎర్రగా కాల్చి సరిచేయటం చూసి ఆ కారు యజమాని, "ఉస్తాద్, దీన్ని గూడ అట్లనే కాల్చి రెండు దెబ్బలు వెయ్యరాదు?" అన్నాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "అది పైపు సారూ, చెప్పినట్టు వింటది. ఇది పోతపోసింది. కొడితే వంగది, పలుగుతది" అన్నాడు.

రెండూ ఇనుమే, రెండూ వంకరపోయినవే. ఒకదానికి పనికివచ్చిన వైద్యం రెండవదానికి ఎందుకు పనికిరాదు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పటానికి లోహశాస్త్రంలోని ముఖ్య విషయాలు కొన్ని తెలుసుకోవలసి ఉంటుంది. అంతేకాదు, ఆ సమాధానం తెలియక చేసిన మరమ్మతు ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు తెస్తుంది.

పొగ నడిచే దారి

పెట్రోలు ఇంజనులో గాలీ, పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమం సిలిండరులో మండి పిస్టనును క్రిందికి నెట్టుతుంది. పిస్టను తిరిగి పైకి వచ్చేటప్పుడు ఒక కవాటం తెరుచుకొని, కాలిన వాయువులను బయటికి పంపుతుంది. నిండు బరువు లాగే సమయంలో ఈ వాయువుల వేడి 600, 700 డిగ్రీల సెంటిగ్రేడును దాటవచ్చు. కవాటం తెరుచుకొనే క్షణంలో వాటి పీడనం బయటి గాలి పీడనం కంటె చాలా హెచ్చు. అందువలన అవి ఒక్క పెట్టున దూకి వస్తాయి. సైలెన్సరు లేని ఇంజను చెవులు చిల్లులు పడేటట్లు మోగటానికి కారణం ఇదే.

ఈ దారిలో ఒకచోట గొట్టం నొక్కుకుపోయి, దాని వైశాల్యం సగమైందని అనుకుందాం. అంతే వాయువు అంతే కాలంలో పోవాలంటే అక్కడ రెట్టింపు వేగంతో పోవాలి. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుందని విద్యార్థులకు తెలుసు. కాబట్టి ఆ ఇరుకులో పోయే శక్తి సుమారు నాలుగు రెట్లు అవుతుంది. ఆ శక్తిని ఇచ్చేది పిస్టనే. పైగా కాలిన వాయువు పూర్తిగా బయటికి పోక కొంత సిలిండరులోనే మిగులుతుంది. అది ఆక్రమించిన మేరకు క్రొత్త మిశ్రమానికి చోటు తగ్గుతుంది. బండి లాగలేకపోవటం ఇందువలననే.

పేలుడు చప్పుడుకు కారణం వేరు. రాయి దెబ్బకు గొట్టం ఇంజనుతో కలిసే అతుకు కూడా వదులైంది. వాయువులు ఉరుకులు ఉరుకులుగా పోతాయి గనుక, ఒక ఉరుకుకూ మరొక ఉరుకుకూ నడుమ గొట్టంలోని పీడనం బయటి పీడనం కంటె తగ్గుతుంది. అప్పుడు వదులైన అతుకులోనుంచి గాలి లోపలికి పోతుంది. కాలకుండా వచ్చిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి వేడి గొట్టంలోనే మండుతుంది. అదే టప్‌మనే చప్పుడు.

ఇనుము కుటుంబం

మనం వాడుకలో ఇనుము అనేది ఒకే పదార్థం కాదు. ఇనుములో కలిసి ఉన్న కర్బనం పాలును బట్టి దాని గుణం మారిపోతుంది. వంద పాళ్ళలో కర్బనం 0.25 పాలు లోపు ఉంటే అది మెత్తని ఉక్కు. గొట్టాలు, రేకులు, తీగలు దీనితో చేస్తారు. ఒకటి, ఒకటిన్నర పాలు ఉంటే అది గట్టి ఉక్కు. పూర్వం డమాస్కస్ కత్తులకు ప్రసిద్ధికెక్కిన ఉక్కు ఇటువంటిదే. దానిని మూసలలో కరిగించి తయారుచేసిన చోట్లలో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకటి. ఇక మూడు, నాలుగు పాళ్ళ కర్బనం ఉన్నది పోత ఇనుము. శుద్ధమైన ఇనుము కరగటానికి 1538 డిగ్రీల వేడి కావాలి. పోత ఇనుము 1200 డిగ్రీల లోపే కరుగుతుంది. కరిగి నీరువలె పారుతుంది గనుక, అచ్చులో పోసి ఎంత చిక్కు ఆకారమైనా రప్పించవచ్చు. అంబాసిడర్ మానిఫోల్డు వంటి అనేక కొమ్మల భాగాన్ని పోతపోసి చేయటం ఇందుకే.

ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఒకటున్నది. పోత ఇనుము చల్లారేటప్పుడు, అందులోని కర్బనం చాలావరకు గ్రాఫైటు రూపంలో సన్నని పొరలు పొరలుగా విడిపోతుంది. గ్రాఫైటు అంటే పెన్సిలులో వాడే పదార్థమే. దానికి లాగుడును తట్టుకొనే బలం లేదు. కాబట్టి ఇనుము మధ్యలో ఉన్న ఒక్కొక్క గ్రాఫైటు పొర ఒక్కొక్క పుట్టు పగులు వంటిది. మెత్తని ఉక్కును లాగితే తెగేలోపున తన పొడవులో నాలుగోవంతు వరకు సాగగలదు. పోత ఇనుము నూటికి ఒక పాలైనా సాగకముందే విరిగిపోతుంది. ఉస్తాద్ చెప్పిన "పలుగుతది" అనే మాటలోని శాస్త్రం ఇదే.

వంగినది తిరిగి ఎందుకు రాదు?

గొడుగు పుల్లను కొంచెం వంచి వదిలితే మరల తిన్నగా నిలుస్తుంది. ఎక్కువ వంచితే వంకరగానే ఉండిపోతుంది. మొదటి గుణాన్ని స్థితిస్థాపకత అంటారు. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ కనుగొన్న సూత్రం ఈ హద్దు లోపలనే వర్తిస్తుంది. ఆ హద్దు ఎంత చిన్నదో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మెత్తని ఉక్కు కడ్డీ ఒక మీటరు పొడవున్నదానిని సుమారు 1.25 మిల్లీమీటర్లు సాగదీసేవరకు మాత్రమే అది తన పూర్వస్థితికి తిరిగివస్తుంది. అంతకు మించితే సాగినంత సాగి ఉండిపోతుంది.

దీనిని మన గొట్టానికి అన్వయిద్దాం. నాలుగు సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని వంచినప్పుడు వంపు బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నొక్కుకుంటుంది, మధ్యరేఖ మాత్రం మారదు. బయటి అంచు సాగిన నిష్పత్తి, గొట్టపు వ్యాసార్ధాన్ని వంపు వ్యాసార్ధంతో భాగించినంత ఉంటుంది. గొట్టపు వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు. దీనిని 0.00125తో భాగిస్తే 1600 సెంటీమీటర్లు, అనగా 16 మీటర్లు వస్తుంది. వంపు వ్యాసార్ధం 16 మీటర్ల కంటె తగ్గితే చాలు, గొట్టం తనంతట తాను తిన్నబడదు. కంటికి సరిగా ఆనని వంపు కూడా అప్పటికే శాశ్వతమైపోయిందన్నమాట.

లోపల జరిగినదేమిటి? లోహంలో పరమాణువులు స్ఫటికాలుగా, వరుసలు తీరి ఉంటాయి. వంచినప్పుడు ఒక వరుస మరొక వరుసమీద జారుతుంది. వరుస అంతా ఒక్కసారిగా జారవలసివస్తే ఉక్కు ఇప్పటికంటె ఎన్నో రెట్లు గట్టిగా ఉండవలసినది. వాస్తవంలో అట్లా లేదు. దీనికి కారణాన్ని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా వివరించారు. స్ఫటికాలలో అక్కడక్కడ వరుస తప్పిన తావులు ఉంటాయి. వీటిని డిస్లొకేషన్లు అంటారు. మనం వరుస దోషాలు అనుకుందాం. పెండ్లి పందిరిలో పరచిన పెద్ద జంపఖానాను కొంచెం జరపాలంటే నలుగురు పట్టి లాగాలి. కాని ఒక అంచున చిన్న ముడత లేపి, ఆ ముడతను అవతలి అంచు వరకు నెట్టుకుపోతే ఒక్కరే జరపవచ్చు. వరుస దోషం ఆ ముడత వంటిది. అది కదలినప్పుడే లోహం వంగుతుంది.

వంచినకొద్దీ గట్టిపడే లోహం

ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని తరగతిలో సులభంగా చేసి చూపవచ్చు. రెండు, మూడు మిల్లీమీటర్ల లావు గల రాగి తీగ ఒక జానెడు తీసుకొని, పైతొడుగు ఒలిచి, మధ్యభాగాన్ని గ్యాసు మంటలో మసక ఎరుపు వచ్చేవరకు కాల్చి చల్లార్చండి. దానిని ఒక విద్యార్థి వ్రేళ్ళతో సులభంగా వంచగలడు. ఇప్పుడు దానిని తిన్నగా చేయమనండి. తీగ తిన్నబడుతుంది కాని, వంచిన చోట కాక ఆ ప్రక్కన వంగుతుంది. మొదటి వంపు ఉన్నచోట చిన్న గూను మిగులుతుంది. నాలుగైదుసార్లు వంచి చాచేసరికి వ్రేళ్ళు నొప్పిపుడతాయి. అట్లాగే కొనసాగిస్తే తీగ పుటుక్కున తెగుతుంది. వేరొక తీగను ఇట్లాగే గట్టిపరచి, తెగకముందే మరల ఎర్రగా కాల్చి చల్లార్చండి. అది మొదటివలెనే మెత్తబడుతుంది.

వంచినప్పుడు వరుస దోషాలు కదలటమే కాదు, క్రొత్తవి పుట్టుకొస్తాయి. బాగా వంచిన లోహంలో వాటి సంఖ్య మెత్తని లోహంలో ఉన్నదానికి పదివేల రెట్లు కావచ్చు. ఇరుకు సందులో నలుదిక్కుల నుంచి బండ్లు వచ్చి చిక్కుకొన్నట్లు, అవి ఒకదానికొకటి అడ్డుపడి కదలలేకపోతాయి. కదలిక లేదు గనుక లోహం గట్టిపడుతుంది. ఇంకా బలవంతపెడితే వంగటానికి వీలులేక పగులుతుంది.

నా గొట్టాన్ని చల్లగా ఉండగానే సుత్తితో సరిచేయబోతే ఏమయ్యేదో దీనివలన తెలుస్తుంది. రాయి దెబ్బకు నొక్కుకొన్నచోటే లోహం అన్నిటికంటె గట్టిపడి ఉన్నది. సుత్తి దెబ్బలకు మెత్తగా ఉన్న ప్రక్కభాగాలు లొంగేవి. ఒక వంకర పోయి రెండు వంకరలు వచ్చేవి. చివరకు నొక్కు మడతలో సన్నని పగులు ఏర్పడేది.

ఎర్రని వేడి చేసే మేలు

ఉక్కును సుమారు 500 డిగ్రీలు దాటించి వేడిచేస్తే పరమాణువులకు కదిలే స్వేచ్ఛ కలుగుతుంది. చిక్కుపడిన పాత స్ఫటికాల మధ్యలో, దోషాలు లేని క్రొత్త స్ఫటికాలు మొలిచి పెరిగి, పాతవాటిని మ్రింగివేస్తాయి. దీనిని పునఃస్ఫటికీకరణం అంటారు. ఒక్కమాటలో చెప్పాలంటే, లోహం తాను పడిన దెబ్బలను మరచిపోతుంది. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుమీద బొమ్మలు చెక్కే పనివారు, బిందెలు చేసే కంచరివారు నడుమ నడుమ రేకును కాల్చటం ఇందుకే.

వేడివలన రెండవ లాభం కూడా ఉన్నది. 600 డిగ్రీల వద్ద ఉక్కు బలం మామూలు బలంలో సగం కంటె తగ్గుతుంది. 800 డిగ్రీల వద్ద పదోవంతే మిగులుతుంది. అప్పుడు బలమైన దెబ్బ అక్కరలేదు, నిదానమైన ఒత్తిడి చాలు. ఉస్తాద్ దగ్గర ఉష్ణమాపకం లేదు. అతడు చూసేది రంగును. చీకటిలో తొలి ఎరుపు కనబడితే 550 డిగ్రీల ప్రాంతం. పండిన చెర్రీపండు ఎరుపు వస్తే 750, 800 డిగ్రీలు. నారింజ రంగు 950, పసుపు 1100. షెడ్డులో ఆ మూల దీపం ఎందుకు పెట్టలేదని నేను అడిగితే, "వెలుతురు ఎక్కువైతే రంగు తెలవది సార్" అన్నాడు.

గొట్టానికి జరిగిన వైద్యం

పని మొదలుపెట్టేముందు ఉస్తాద్ గొట్టాన్ని బండినుంచి విప్పాడు. బండిమీద ఉండగానే లాగితే త్వరగా అయ్యేదే. కాని బుల్లెట్ ఇంజను తల అల్యూమినియం పోత. ఉక్కు గొట్టాన్ని బలంగా లాగితే ఆ అతుకు చెడుతుంది. చవకైన భాగాన్ని బాగుచేయబోయి ఖరీదైనదానిని పాడుచేసినట్లవుతుంది. నట్లు త్రుప్పుపట్టి బిగుసుకొని ఉన్నవి. ఇనుము త్రుప్పుగా మారినప్పుడు పరిమాణంలో పెరుగుతుంది గనుక మరలో ఇరుక్కుపోతుంది. వాటికి నూనె పెట్టి ఒక గంట వదిలాడు. తరువాత నట్టును మాత్రం కొద్దిగా వేడిచేశాడు. అది వ్యాకోచించి పట్టు వదిలింది.

రెండవ పని కొలత. అదే రకం బుల్లెట్ మరొకటి షెడ్డులో ఉన్నది. లావుపాటి తీగ ఒకటి తీసుకొని, దాని గొట్టం ప్రక్కన పెట్టి, అదే వంపు వచ్చేటట్లు వంచాడు. వైద్యం పూర్తయిందని చెప్పగలిగేది ఈ తీగ ఒక్కటే, కన్ను కాదు.

తరువాత నొక్కు తీయటం. గొట్టం లోపలి వ్యాసం కంటె కొంచెం సన్నగా, కొన గుండ్రంగా ఉన్న ఇనుప కడ్డీని లోపలికి దూర్చాడు. నొక్కిన చోటును గ్యాసు మంటతో చెర్రీ ఎరుపు వచ్చేవరకు కాల్చి, లోపలినుంచి కడ్డీతో నెట్టుతూ, బయట అంచులమీద చిన్న సుత్తితో తేలికగా తట్టాడు. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసిన మంట వేడి 3000 డిగ్రీలు దాటుతుంది. గొట్టం గోడ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమే. మంట ఒక్కచోట నిలిస్తే రంధ్రం పడుతుంది. అందువలన అతని చేయి ఒక్క క్షణం కూడా నిలవలేదు.

నొక్కు పోయింది, వంకర మిగిలింది. ఖాళీ గొట్టాన్ని వంచితే అది మడతపడి చప్పిడి అవుతుంది. దీనిని నివారించటానికి గొట్టం నిండా సన్నని ఇసుక పోసి, తట్టి తట్టి కుదించి, రెండు చివరలా కొయ్య బిరడాలు పెట్టాడు. ఇసుక లోపలి గోడకు ఆసరాగా నిలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. ఇసుకను ముందుగా పెనంమీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. నీరు ఆవిరి అయినప్పుడు పరిమాణంలో 1600 రెట్లకు మించి పెరుగుతుంది. మూసిన గొట్టంలో తడి ఇసుక ఉంటే, ఎర్రగా కాల్చినప్పుడు బిరడా తుపాకి గుండువలె ఎగురుతుంది. ఇసుక ఆరినదైనా, బిరడాకు సన్నని రంధ్రం ఉంచటం మంచి అలవాటు.

వంకర ఉన్న భాగాన్ని ఎర్రగా కాల్చి, రెండు చివరలూ పట్టి నిదానంగా తిప్పుతూ, తీగ నమూనాతో సరిచూస్తూ, మూడు వాయిదాలలో సరిచేశాడు. నీరు చల్లలేదు. పలుచని గొట్టం ఒక వైపు ముందుగా చల్లారితే ఆ వైపు ముందుగా సంకోచించి మరల వంకర తిరుగుతుంది. చల్లారిన తరువాత అతుకులో క్రొత్త ప్యాకింగు వేసి బిగించాడు. గొట్టంమీది క్రోమియం పూత మాత్రం కాల్చినచోట నీలిరంగు తిరిగి పొరలుగా లేచింది. ఆ పొరలను గీకి, వేడిని తట్టుకొనే రంగు పూశాడు. పూత ఉన్న లోహాన్ని కాల్చేటప్పుడు, ముఖ్యంగా జింకు పూత ఉన్నదానిని కాల్చేటప్పుడు, వచ్చే పొగ పీలిస్తే జ్వరం వంటి బాధ కలుగుతుంది. ఇటువంటి పని గాలి ఆడేచోట, నల్లకళ్ళజోడు పెట్టుకొని, పని తెలిసినవారే చేయాలి.

పోత ఇనుముకు వేరే వైద్యం

అంబాసిడర్ కార్లు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 వరకు తయారైనవి. పాత మానిఫోల్డు వంకరపోవటానికి ఏ రాయీ తగలనక్కరలేదు, వేడి ఒక్కటే చాలు. 40 సెంటీమీటర్ల పొడవు గల పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. కాని దానిని బోల్టులు ఇంజనుకు బిగించి పట్టుకొని ఉంటాయి. వేడిగా ఉన్న భాగం పెరగటానికి చోటులేక తనలో తాను నొక్కుకుంటుంది. చల్లారినప్పుడు ఆ నొక్కుకొన్న మేరకు కురచై, చివరలను లాగుతుంది. ఏళ్ళ తరబడి ప్రతి ప్రయాణంలోనూ ఇదే జరిగితే సమతలంగా ఉండవలసిన ముఖం వంపు తిరుగుతుంది.

ఉస్తాద్ మొదట మానిఫోల్డును త్రాటితో వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టి విన్నాడు. కుండలు కొనేవారు కుండను తట్టి చూడటం మనకు తెలిసినదే. పగులు లేనిది గంటవలె మోగుతుంది, పగిలినది బొద్దుగా పలుకుతుంది. ఇది మోగింది. తరువాత ముఖంమీద తిన్నని ఉక్కు బద్దను నిలబెట్టి, బద్దకూ ముఖానికీ మధ్య సందులో సన్నని కొలత రేకులు దూర్చి చూశాడు. మధ్యలో పోస్టుకార్డు మందం కంటె ఎక్కువ సందు ఉన్నది. అంత సందును ప్యాకింగు మూయలేదు.

దీనిని వంచి సరిచేయటానికి వీలులేదు గనుక, ఎత్తుగా ఉన్నదానిని అరగదీయటమే మార్గం. సందు తక్కువగా ఉంటే ఆకురాయితో రుద్దవచ్చు. ఎక్కువైతే యంత్రంమీద అన్ని ముఖాలనూ ఒకేసారి, ఒకే తలంలోకి కోయించాలి. కారు యజమాని దానిని యంత్రం ఉన్న చోటికి పంపించాడు. తిరిగివచ్చిన తరువాత బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి చివరలకు పోతూ బిగించారు. చివరి రంధ్రాలు బోల్టు కంటె కొంచెం వదులుగా ఉండాలి. మానిఫోల్డు వేడికి పెరిగినప్పుడు జరగటానికి ఆ చోటు కావాలి.

ఒకవేళ పగులు ఉన్నట్లయితే? పగులు రెండు కొనలలో చిన్న రంధ్రాలు వేస్తారు. పదునైన కొన దగ్గర ఒత్తిడి కేంద్రీకరించి పగులు ముందుకు సాగుతుంది. కొన గుండ్రనైతే ఆ ఒత్తిడి చెదిరిపోతుంది. తరువాత భాగమంతటినీ వేడిచేసి, నికెలు కడ్డీతో అతికి, బూడిదలోనో సున్నంలోనో పూడ్చి చాలా నిదానంగా చల్లారుస్తారు. త్వరగా చల్లారితే కర్బనం గ్రాఫైటుగా విడిపోవటానికి వ్యవధి ఉండదు. అది ఇనుముతో కలిసి గాజువలె పెళుసైన పదార్థమవుతుంది. అతుకు ప్రక్కనే క్రొత్త పగులు వస్తుంది.

కంటికి కనబడని ముప్పు

ఇంజను బిగించిన తరువాత పరీక్ష. ఆ సమయానికి పెద్దవాన మొదలై, జల్లు లోపలికి కొట్టసాగింది. కుర్రవాడు షట్టరును దాదాపు నేలవరకు దించి బుల్లెట్‌ను స్టార్టు చేశాడు. ఉస్తాద్ చేతిలోని పనిని వదలి వచ్చి, మొదట ఇంజను ఆపి, తరువాత షట్టరు ఎత్తి, "తడిస్తే ఆరుతవు బేటా, పొగ పట్టిందంటే లేవవు" అన్నాడు. ఆ మాటలోని సత్యాన్ని ఇంటికి వచ్చి లెక్కవేసి చూశాను.

షెడ్డు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. అందులోని గాలి 36 ఘనమీటర్లు, అనగా 36,000 లీటర్లు. బుల్లెట్ సిలిండరు 346 ఘన సెంటీమీటర్లు. నిదానంగా నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 500సార్లు మిశ్రమాన్ని పీలుస్తుంది. ఆ స్థితిలో సిలిండరు మూడోవంతే నిండుతుందని అనుకొన్నా, నిమిషానికి సుమారు 58 లీటర్ల వాయువు బయటికి వస్తుంది. పాత కార్బురేటరు ఇంజను పొగలో వందకు మూడు పాళ్ళు కార్బన్ మోనాక్సైడు ఉండటం సామాన్యం. అంటే నిమిషానికి సుమారు 1.7 లీటర్లు, పది నిమిషాలకు 17 లీటర్లు. మూసిన షెడ్డులో అది గాలి పదివేల పాళ్ళకు సుమారు 5 పాళ్ళు అవుతుంది. పదివేలకు నాలుగు పాళ్ళు ఉన్న గాలిని గంట, రెండు గంటలు పీలిస్తేనే తలనొప్పి మొదలవుతుంది. బుల్లెట్‌కు బదులు 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడర్ ఇంజను అయితే ఆ స్థితి రావటానికి మూడు నిమిషాలు కూడా పట్టదు. ఆపైన ప్రతి నిమిషమూ అపాయమే.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకొనేదానికి రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, మగత, వికారం, తరువాత స్పృహ తప్పటం. ఇది నిద్రవలె వస్తుంది గనుక మనిషి లేచి బయటికి పోవాలని కూడా అనుకోడు. కారులో మానిఫోల్డు అతుకు కారితే, ఆ పొగ ఇంజను గదినుంచి మనుషులు కూర్చొనే చోటికి ప్రాకుతుంది. కాబట్టి ఆ అతుకు సమతలంగా ఉండటం ఇంజను శక్తి కోసం మాత్రమే కాదు. బండిలో తలనొప్పి వచ్చి, దిగగానే తగ్గితే వెంటనే అనుమానించాలి. అతుకు చుట్టూ నల్లని మసి చారలు కనబడటం మరొక గుర్తు.

ఎప్పుడు బాగుచేయాలి, ఎప్పుడు మార్చాలి?

గొట్టం గోడ లోపలినుంచి త్రుప్పు తిని పలుచనైతే సరిచేసి లాభం లేదు. పొగలోని నీటి ఆవిరి చల్లారి లోపల నిలవటం వలన ఈ త్రుప్పు వస్తుంది. స్క్రూడ్రైవరు కొనతో నొక్కితే దిగబడే గొట్టాన్ని మార్చవలసినదే. ఈనాటి బండ్ల సంగతి కూడా వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణాల ప్రకారం తయారైన పెట్రోలు బండ్ల పొగదారిలో విషవాయువులను మార్చే కన్వర్టరు, ఆక్సిజన్‌ను కొలిచే సాధనం ఉంటాయి. కన్వర్టరు లోపల పెళుసైన పింగాణీ తేనెపట్టు ఉండవచ్చు. అటువంటి దారిమీద సుత్తి, మంట ప్రయోగించరాదు.

పారవేయక బాగుచేసుకొనే విద్య ఈ నగరానికి క్రొత్తది కాదు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది మొదలు, బండి ఉన్నచోటల్లా దానిని నిలబెట్టే చేతులు కూడా ఉంటూ వచ్చినవి. ఆ చేతులకు తెలిసినదానిలో చాలా భాగం పుస్తకాలలో ఉన్నదే. ఎరుపు రంగులో ఉష్ణోగ్రత, తట్టిన చప్పుడులో పగులు, ఆరిన ఇసుకలో ఆవిరి పీడనం. ఉపాధ్యాయులు ఒక పూట తమ విద్యార్థులను ఇటువంటి షెడ్డుకు తీసుకుపోయి, మంటకు దూరంగా నిలబెట్టి, జరిగే పనిని చూపించి, తిరిగివచ్చి ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఉస్తాద్ గొట్టాన్ని కాల్చాడు, మానిఫోల్డును కాల్చలేదు. ఎందుకు? రాగి తీగ ప్రయోగం చేసిన విద్యార్థి దీనికి తనంతట తానే సమాధానం చెప్పగలడు.